నర్సు పిన్ని కారు వెనక దీపాలు

రైల్వే వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ ఫిట్టరుగా కొత్తగా చేరిన ఆ రోజుల్లో, ఖరగ్‌పూర్ మొత్తంలో కరెంటు నా మాట తప్ప ఇంకెవరి మాటా వినదని నాకో గట్టి నమ్మకం ఉండేది. న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో ఎవరింట బల్బు మిణుకుమన్నా పిలవకముందే స్క్రూడ్రైవరు పట్టుకుని వాలిపోయేవాణ్ణి. (ఒకసారి పిలిచినవాళ్లు రెండోసారి పిలవడం లేదన్న సంగతి అప్పట్లో నా బుర్రకు తట్టలేదు.) అలాంటి నా చేతికి నర్సు పిన్ని కారు చిక్కింది.

పిన్ని పూరీ గేట్ దగ్గర ఒక సందు చివరింట్లో ఉండేది. మా అమ్మకు స్నేహితురాలు, భారీ మనిషి, ఆ చుట్టుపక్కల సగం మంది పిల్లలు ఆవిడ చేతుల్లోనే పుట్టారు. దేశం విడిచి వెళ్లిపోతూ ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు గారు తన పాత ఇంగ్లీషు కారు ఆవిడకు వదిలి వెళ్లారు. కానుపులకు అందులోనే వెళ్లేది. సందు ఇరుకు, కారు తిప్పుకునే చోటు లేదు, చివరిదాకా వెనక్కే నడపాలి. వెనక దీపాలు వెలగడం మానేశాక రెండుసార్లు మూల మీది టీ కొట్టు బెంగాలీ దాదా బెంచీని గుద్దేసింది. "మూడోసారి మనిషినే గుద్దెస్తానేమో. ఏటైందో కాస్త సూడు బాబూ" అంది. "పావుగంట పిన్నీ, ఈలోగా టీ పెట్టు" అన్నాను. అది సోమవారం సాయంత్రం.

ఆ దీపాలు రెండూ డిక్కీ మూతకే బిగించి ఉన్నాయి. మూత ఎత్తి బల్బులు మార్చాను. ఇంజను ఆపేసి, తాళం మటుకు తిప్పి, గేరు రివర్సులో పెట్టి వచ్చి చూస్తే భగ్గున వెలిగాయి. మూత దించి, చేతులు తుడుచుకుని, టీ తాగాను. పిన్ని కారెక్కి రివర్సు వేసింది. చీకటి! మంగళవారం గేరుపెట్టె దగ్గర స్విచ్చి విప్పి శుభ్రం చేశాను. మూత ఎత్తి చూస్తే వెలిగాయి, పిన్ని ఎక్కితే లేవు. బుధవారం ఫ్యూజు. గురువారం తుప్పంతా గీకి కొత్త మరలు బిగించాను. నేను చూసినప్పుడు దీపావళి, ఆవిడ చూసినప్పుడు అమావాస్య. శుక్రవారం నాటికి ఏ తీగ ఎక్కడ తగిలించానో గాని, రివర్సు వేస్తే హారన్ మోగడం మొదలెట్టింది. దాదా బెంచీ ఎత్తుకుని లోపలికి పరిగెత్తి, అక్కణ్ణుంచే "ఆబార్ ఖారాప్?" అని అరిచాడు. మళ్లీ పాడైందా అని. రోజూ అదే ప్రశ్న!

అన్నం సయించడం మానేసింది. షాపులో ఎవరు నవ్వినా నా గురించేననిపించేది. అమ్మ దిష్టి కూడా తీసింది. ఈ ఉద్యోగం వదిలేసి ఏ ఊరన్నా పోదామా అని నిజంగానే ఆలోచించాను. ఆదివారం మధ్యాహ్నం తెగించి, డాష్‌బోర్డు వెనక తీగలన్నీ ఊడబీకి పేపరు మీద పరిచాను. ఏది ఎక్కడిదో రాసుకోలేదు. (మేధావులు రాసుకోరు.) సరిగ్గా అప్పుడు నిమ్‌పురా నుంచి ఒకాయన రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. యార్డులో రైళ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. "నర్సమ్మా, మా ఆడదానికి నొప్పులొచ్చెసినాయి, వేగిరం రండి!"

పిన్ని సంచీ పట్టుకుని బయటికొచ్చింది. కారు వైపు, పేపరు వైపు, నా వైపు చూసింది. "ఇది కదుల్తందా?"

"కదల్దు పిన్నీ" అన్నాను. రైలు వేళ కావడంతో రిక్షాలన్నీ స్టేషనుకు పోయాయి. తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాను. ఆవిడ తిట్టలేదు. "మరేటి సూస్తావు? సైకిలు తియ్యి" అంది.

వెనక కేరియరు మీద పిన్ని, హేండిలుకు సంచీ, పక్కన పరిగెత్తుతూ పాయింట్స్‌మన్. గాలి చాలని టైరు ప్రతి గుంతలోనూ మూలిగేది. ఆ తల్లికి ఏమన్నా అయితే దానికి కారణం నేనే. ఆ దారంతా నాకు తెలిసిన ప్రతి దేవుడికీ, పిన్ని కొలిచే చర్చి దేవుడికీ కూడా మొక్కుకుంటూ తొక్కాను. పిన్ని లోపలికెళ్లాక, గోడకు ఆనుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. చివరికి లోపల పసిగొంతు కేర్‌మంది. పాయింట్స్‌మన్ నన్ను కావలించుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, నావి వేరే ఏడుపులు.

పొద్దు వాలుతుండగా తిరుగు ప్రయాణం. "అయితే, నీ రోగి సంగతి సెప్పు" అంది పిన్ని వెనకనుంచి.

"నాకు చేతకాదు పిన్నీ." ఆ మాట అనడం నా జన్మలో అదే మొదటిసారి.

"అలగనకు. నాను ఏ ఇంటికెల్లినా ముందు అడిగేది ఒకటే, ఎప్పుడొస్తంది, ఎప్పుడు తగ్గుతంది? దీపాలు ఎప్పుడెలుగుతన్నాయి?"

"డిక్కీ మూత ఎత్తినప్పుడు."

"ఎప్పుడారిపోతన్నాయి?"

"మూత దించిన..." సైకిలాపేశాను. పిన్ని దిగకపోతే పడిపోయేవాళ్లమే. మూత కీలు దగ్గర, ఎత్తీ దించీ లోపలే తెగిపోయిన తీగ! ఎత్తితే కొసలు కలుస్తున్నాయి, దించితే విడిపోతున్నాయి. వారం రోజులుగా నేను మూత ఎత్తే చూస్తున్నాను. పిన్ని పొట్ట పట్టుకుని, కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది.

జానెడు తీగ మార్చాను. (ఊడబీకినవి మళ్లీ తగిలించడానికి మూడు రోజులు పట్టింది, అది వేరే విషయం.) పిన్ని సందంతా వెనక్కి నడిపి, వెలుగులో బెంచీని దాటుకుంటూ వెళ్లిపోయింది. మర్నాడు షాపులో "చాలా అరుదైన ఫాల్టు" అని గొప్పగా చెప్పాను కూడా. అయితే నా అసలు ఆశ వేరే ఉండేది. అంత దూరం తొక్కానుగదా, ఆ పసిదానికి నా పేరులో ముక్కయినా కలుపుతారని బారసాల దాకా ఎదురుచూశాను. పిన్ని పేరు పెట్టారు. పుట్టింది ఆడపిల్ల, వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ఇన్నేళ్ల తరవాత, బారసాల నాడు ఆ ఇంటి అరుగు మీద ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎవరన్నా తన పేరడుగుతారేమోనని కూర్చున్న ఆ కుర్ర ఫిట్టర్ని తలుచుకుంటే, పోయి పక్కన కూర్చుని నేనే అడగాలనిపిస్తుంది.