సగంలో ఆగిన కోట

రోజూ సాయంత్రం సలోమి కూరలు తరుగుతుంటే, సోషల్ మాస్టారైన ఆమె భర్త యోనా ఎదురుగా కూర్చుని ఇంగ్లండులోని హాంప్టన్ కోర్టు కోట కథ చెప్పేవారు. వేసవిలో ఆయన పోయారు. ఇప్పుడామె ఒక్కదానికి సరిపడా కూరే తరుగుతోంది. ఆయన థేమ్స్ నది అన్నప్పుడల్లా ఆమెకు వశిష్ఠ గోదావరే కనిపించేది. ఆ ఎర్ర ఇటుకల కోట కొబ్బరిచెట్ల మధ్య, నీళ్ళలో నీడ కదుపుతూ నిలబడేది. ఆయన కథలో ఆ కోటను ఒక మతపెద్ద కట్టించాడు. ఒక రాజు తీసుకున్నాడు. చాలా ఏళ్ళకు మరో రాజూ రాణీ పాతది సగం కూల్చి కొత్తది మొదలుపెట్టారు. ఇంతలో మశూచి సోకి రాణి చనిపోతే రాజు పని ఆపించేశాడు. తర్వాతెప్పుడో మళ్ళీ మొదలుపెట్టినా, మిగిలిన పాత సగాన్ని కూల్చలేదు.

ఇవాళ తోడికోడలు బిందు, మాస్టారి బట్టలు చర్చిలో పంచడానికి బీరువా ఖాళీ చేయిస్తోంది. సలోమి ఒక్కో చొక్కా నిమిరి, మడిచి, సంచిలో పెట్టింది.

"పైఅర అయిపోయిందండి అక్కా. కిందది కూడా తీసెయ్యనా?"

"వద్దమ్మా. ఆ రాజుగారు కూడా సగంలోనే ఆపేరు."

"ఏ రాజుగారండీ?"

"మీ బావగారు చెప్పేవారులే."

"మరి పాస్టరుగారికి ఏం చెప్పమంటారు?"

"సగమే ఇచ్చిందని చెప్పు."

సలోమి కింది అర ముట్టుకోకుండా బీరువా తలుపు మూసేసింది.