తిన్నాక ఒకటి

ఐరాలలో మందుల షాపు నడిపే దయానంద్ మాత్రల అట్ట మీద పెన్నుతో సూర్యుణ్ణి గీస్తే పొద్దున వేసుకోవాలని, చంద్రుణ్ణి గీస్తే రాత్రి వేసుకోవాలని ఊళ్ళో అందరికీ తెలుసు. మజ్జిగతో మింగొచ్చా, ఈసారి రంగు మారిందేమి, సగానికి విరిచేదా అని రోజూ అవే ప్రశ్నలు. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, విసుక్కోకుండా జవాబు చెప్తాడు. చివర్లో మాత్రం అందరికీ ఒకే మాట: "తిన్నాక ఒకటి."

సోమవారం బీపీ మాత్రలకు గంగులమ్మ వచ్చింది. కొంగుముడి విప్పి, నాలుగు మాత్రలున్న అట్టముక్క బల్ల మీద పెట్టింది.

"ఇవి మిగిలినాయి నాయనా. ఈ నెల నాలుగు తక్కువియ్యి."

"ఎట్ల మిగిలినాయమ్మా? దినానికొకటి గదా?"

"శనివారం నాకు ఒక్కపొద్దు. పొద్దున ఏమీ తినను. తిన్నాక ఏసుకోమంటివి, తినకుండా ఎట్ల మింగేది?"

ఆమె కనుబొమ మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. బెల్లం గానుగ దగ్గర తల తిరిగి పడింది మొన్న శనివారమే.

"ఈ మాత్రకు తిండితో పనిలేదమ్మా. వట్టి నీళ్ళతో మింగినా సాలు."

"ఆ మాట ముందే సెప్పకూడదా?"

ఆమె వెళ్ళాక వచ్చిన ముసలాయన మాత్రల అట్ట మీద దయానంద్ సూర్యుణ్ణి గీశాడు గానీ, చేతికివ్వలేదు.

"ఏ వారం ఒక్కపొద్దుంటావప్పా?" అని అడిగాడు.