ఓనరు గారి అరచెయ్యి

ఎల్‌బీనగర్‌లో మేం అద్దెకున్న ఇంటి ఓనరు గారికి ఒక అలవాటుండేది. ఎవరేం అడిగినా కుడి అరచెయ్యి మెల్లగా పైకి లేపి, "జర ఆగు" అనేవారు.

మా వంటింటి స్లాబు కారేది. వానల్లో చెబితే, "జర ఆగమ్మా, తడి మీద సిమెంటు పట్టది" అని మా ఆవిడను పంపేశారు. ఎండల్లో గుర్తు చేస్తే, "జర ఆగు, వాన పడితెనే గదా ఏడ కారుతుందో తెలిసేది" అన్నారు. మా పొయ్యి పక్కన బకెట్ కాపురం పెట్టింది.

ఒక ఆదివారం గట్టిగా అడుగుదామని వెళ్తే, ఆయన నన్ను బండెక్కించుకుని పెద్ద అంబర్‌పేట్ అవతల చెరువుకు తీసుకెళ్లారు. గాలానికి ఎర్ర గుచ్చి నా చేతికిచ్చారు. నీళ్ల మీద తేలుతున్న బెండు వణగ్గానే లాగబోయాను. అరచెయ్యి లేచింది.

"జర ఆగు. గిప్పుడు రుచి చూస్తున్నది. బెండు మునగనీ."

బెండు బుడుంగున మునిగింది.

"ఇగ గుంజు."

ఆయన నోట తొందర వినడం అదే మొదటిసారి. మూరెడు బొచ్చె చేప గట్టు మీద ఎగిరిపడింది. అంత సంతోషం నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా లేదు. స్లాబు మాటే మర్చిపోయాను.

ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో సొంత ఫ్లాటుకు మారాం. ఆదివారాలు నేనిప్పటికీ చెరువు గట్టునే ఉంటాను. మొన్న మా ఆవిడ, "సింకు కింద కారుతోందండీ, ప్లంబర్ని పిలవండి" అంది.

నా కుడి అరచెయ్యి దానంతటదే పైకి లేచింది.

మా ఆవిడ లోపలికెళ్లి, ఆ పాత బకెట్ తెచ్చి అదే చేతిలో పెట్టింది.