కడుపు మండిపోతోందండీ మేడమ్‌గారూ!

పద్మా, ఆ టీ పక్కన పెట్టి విను. స్కిన్ డాక్టరుగారూ, మీరూ వినండి. మొన్న మిషన్ పరువు తీద్దామని బయల్దేరి నా పరువు తీసుకున్నాను!

ఎక్స్‌రేలు మిషనే చూసేస్తోందని పద్మ, మచ్చకి ఫొటో తీస్తే ఫోనే జబ్బు చెప్పేస్తోందని మీరు బెంగపెట్టుకుంటే నేను నవ్వేదాన్ని కదా? "నాది కడుపులోకి గొట్టం వేసే పని. నా జోలికెవరొస్తారు?" అని. వచ్చేసిందండీ! ఏకంగా నా టేబుల్ మీదే ఏఐ మిషనొకటి పెట్టారు. పేషెంటు మాట్లాడుతుంటే వింటుంది, కేస్ షీట్ రాస్తుంది, ఏ టెస్టు చేయాలో కూడా చెబుతుంది. మా హాస్పిటల్ ఓనర్‌గారు ఎంత తియ్యగా అన్నారో! "నెల్రోజులు చూద్దామండీ. బాగుంటే మీకు ఓపీ శ్రమెందుకు? వారంలో గొట్టాలు వేసే రెండ్రోజులూ వస్తే చాలు."

శ్రమట! పదిహేడేళ్ళుగా ఏలూరు కడుపులన్నీ చూసిన కుర్చీ అది. లేవను గాక లేవననుకున్నాను.

సోమవారం పెదపాడు నుంచి సత్యనారాయణగారని, చేపల చెరువులాయన వచ్చారు. ఏమిటి బాధ అని అడిగానో లేదో మొదలెట్టారు. పక్క చెరువాయన మురుగునీళ్ళు ఈయన చెరువులోకి వదిలేశాడట. చేపలన్నీ తేలిపోయాయట. "కడుపు మండిపోతోందండీ మేడమ్‌గారూ!"

స్క్రీన్ మీద టకటకా పడింది: కడుపులో మంట. ఎండోస్కోపీ చేయాలి.

దొరికింది దొంగ! ఎంత నవ్వానంటే కళ్ళల్లో నీళ్ళొచ్చేశాయి. ఓనర్‌గార్ని చెయ్యిపట్టి లాక్కొచ్చినంత పని చేశాను. "చూడండి! కోపమొచ్చిందంటే గొట్టం వేయమంటోంది మీ మిషను! తెలుగు రానిదానికి ఓపీ ఎందుకండీ?" ఆయన మొహం మాడిపోయింది. సిస్టర్ మస్తాన్‌బీ కూడా నవ్వేసింది. "మీకేం లేదు సత్యనారాయణగారూ, మజ్జిగ తాగి పడుకోండి" అని పంపించేశాను.

ఆయన గుమ్మం దాకా వెళ్ళి ఆగారు.

"అదికాదండీ... మండుతోందంటే, మండుతోందండీ. పది రోజులై అన్నం ముట్టుకోవాలంటే భయం. ఇవాళ మంచినీళ్ళు కూడా తాగలేదు."

"మరి కోపం?"

"కోపమొస్తే నాకు తలనొప్పండీ."

"అయ్యో రామ! ఇందాకే చెప్పొచ్చు కదండీ?"

"మీరంత సంతోషంగా నవ్వుతుంటే మధ్యలో ఎందుకులెమ్మని ఊరుకున్నానండీ."

నా తల ఎక్కడ పెట్టుకోను? మనిషిని చూడకుండా మిషన్‌తో పంతానికి పోయాను. ఆ పెద్దాయన నోరు తెరవకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది. వెంటనే గొట్టం వేద్దామంటే "చచ్చినా మింగనండీ" అని బల్ల దిగిపోయారు. చెయ్యి పట్టుకుని "కళ్ళు మూసుకోండి, మీ చెరువు గట్టు మీద నడుస్తున్నామనుకోండి, ఏం చేపలేశారేంటి?" అంటూ పావుగంట కబుర్లు చెప్పి మింగించాను. చూద్దును కదా, పుండు! రక్తం చెమ్మ కూడా ఉంది. ఇంకో వారం మజ్జిగ తాగుతూ కూర్చుంటే కొంప మునిగేదే.

ఓనర్‌గారు మెల్లగా వచ్చారు. "అయితే మిషన్ కరెక్టేనన్నమాట."

"కరెక్టేనండీ, కాదనను. మరి గొట్టం దాన్నే మింగించమనండి! ఆయన చెయ్యి దాన్నే పట్టుకోమనండి! అది రాస్తే రాసుకోనివ్వండి, ఈ కుర్చీలోంచి మాత్రం నేను లేవను!" అన్నాను. ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

అక్కడితో ఊరుకున్నానా? మస్తాన్‌బీ వైపు తిరిగి, "దీన్ని చూస్తుంటే నా కడుపు మండిపోతోంది!" అని అరిచాను.

మిషన్ ఇంకా ఆన్‌లోనే ఉందండీ! స్క్రీన్ మీద టకటకా పడింది: కడుపులో మంట. ఎండోస్కోపీ చేయాలి.

మందుల చీటీ కోసం కూర్చున్న సత్యనారాయణగారు లేచొచ్చి, ఎంతో మర్యాదగా నా చెయ్యి పట్టుకున్నారు. "చేయించేసుకోండి మేడమ్‌గారూ. ఏం భయంలేదు. కళ్ళు మూసుకుని మా చెరువు గట్టు మీద నడుస్తున్నాననుకోండి."