తొమ్మిదంగుళాల ప్రయాణం

టకటకటక... కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ టకటకటక. మేడమెట్లు ఎక్కేవాళ్ళకి ముందు కుట్టుమిషను వినిపిస్తుంది, ఆ తర్వాతే టైలరు కనిపిస్తాడు. మెడలో టేపు, పెదవుల మధ్య గుండుసూదులు. కనబడ్డదల్లా కొలవడం ఆయనకి పుట్టుకతో వచ్చిన జబ్బు.

విమానం టికెట్టు చేతికొచ్చిన రోజు కూతురి గ్లోబు తెచ్చి, తన ఊరి నుంచి చెల్లెలుండే ఊరిదాకా సముద్రం మీద టేపు పరిచాడు. ఆ నీలం మీద పసుపు టేపు పొద్దుటి ఎండలా పడుకుంది.

"ఏవండీ, భూమికి కూడా జాకెట్టు కుడతారా ఏంటి?" అంది భార్య.

"తొమ్మిదంగుళాలే! పొద్దున పదింటికి ఎక్కితే మర్నాడు పొద్దున ఆరింటికి దిగుతానట. ఇరవై గంటలు."

"తొమ్మిదంగుళాలకి ఇరవై గంటలా? అది విమానమా, ఎడ్లబండా?"

"నీకు తెలీదులే. టికెట్టు మీద అచ్చేసి ఉంది."

దిగే రోజే పొద్దున పదింటికి చెల్లెలు మొదటిసారి పెద్ద వేదికెక్కి పాడబోతోంది. "నువ్వు కుట్టిన గౌనులోనే పాడతా అన్నయ్యా" అని పట్టుబట్టింది. గౌను అయింది గానీ, వీపు మీద నలభై గుడ్డ బొత్తాలు మిగిలాయి. బొత్తానికి అరగంట. ఇరవై గంటల్లో నలభై. ఎవరో తన కోసమే ప్రయాణాన్ని కొలిచి కత్తిరించారనుకుని మురిసిపోయాడు.

తనిఖీలో కత్తెర లాక్కుని సూది వదిలేశారు. దారం పళ్ళతో కొరుకుతూ, కిటికీ అవతల ఏకిన దూదిలా మబ్బులు పోతుంటే, తీరిగ్గా కుట్టాడు. ఇరవై మూడో బొత్తానికి ముడి వేస్తుండగా, ఇంకో గంటలో దిగుతున్నామన్నారు.

"అదేంటమ్మా! ఇంకా ఎనిమిదిన్నర గంటలుండాలి కదా?" అని విమానంలో పనిచేసే అమ్మాయిని నిలదీశాడు.

పక్క సీటు పెద్దావిడ నవ్వాపుకుంది. "ప్రయాణం పన్నెండున్నర గంటలే నాయనా. ఆ ఊరి గడియారం మనకంటే ఏడున్నర గంటలు ముందు. టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే."

"మరి నా ఏడున్నర గంటలూ?"

"సముద్రంలో పడ్డాయనుకో."

ఇరవై అయిదు బొత్తాలతో దిగాడు. దిగాక వరసల్లో నిలబడి, ట్రాఫిక్కులో ఇరుక్కుని హాలు చేరేసరికి పదికి పది నిమిషాలు. కారు కుదుపులకి సూది వేలికి దిగిందే తప్ప గుడ్డకి దిగలేదు. తెరవెనక చెల్లెలికి గౌను తొడిగించి, మిగిలిన పదిహేను బొత్తాల మేరా గౌనుని వీపు మీదే నేరుగా కుట్టేశాడు.

"ఊపిరాడట్లేదన్నయ్యా!"

"పాడటానికి ఆడితే చాలు. పైస్థాయిలో మాత్రం కాస్త చూసుకో తల్లీ."

చెల్లెలు పాడింది. హాల్లో అందరూ పాట విన్నారు, ఆయనొక్కడే కుట్టు విన్నాడు. పైస్థాయికి వెళ్ళినా ఒక్క పోగు తెగలేదు. చప్పట్ల హోరులో ఆయన అందరినీ కత్తెర అడుగుతూ తిరిగాడు.

మొన్న చొక్కాకి కొలతలిస్తూ, ఇది రాస్తున్న మనిషి ఆ సంగతి కదిపితే, నోట్లో గుండుసూదులు తీసి ఆయన అన్న మాట ఇది:

"టేపు ముందే చెప్పిందండీ. మా ఆవిడా చెప్పింది. నేనే కాయితాన్ని నమ్మాను. సరేగానీ, చేతులెత్తి ఊపిరి గట్టిగా పీల్చండి... ఆ, మీకు నాలుగంగుళాలు వదులుంచుతాను."