తువ్వాలు తీసిన రోజు

మొన్న కర్నూలు బట్టలకొట్లో మా ఆవిడ పెద్ద తువ్వాలొకటి విప్పి చూస్తుంటే, నా కుడిచేయి నన్నడక్కుండానే దాని కిందికి దూరింది. కొట్టతను వింతగా చూశాడు. మా ఈడువాళ్లయితే నవ్వి ఊరుకునేవారు. టమోటా మండీల్లో తిరిగిన చేయి, తువ్వాలు కనబడితే బేరం వెతుక్కుంటుంది మరి.

రెండువేల తొలినాళ్ల మాట. పత్తికొండ చుట్టుపక్కల ఒక మార్కెట్ యార్డు; ఊరి పేరు అడక్కండి, నాకింకా అక్కడ చుట్టాలున్నారు. రైతుల పంటను కమీషనుకు అమ్మిపెట్టే మా మేనమామ మండీలో నేను గుమాస్తాను. రైతులు గంపలు దించగానే మామా, కొనడానికొచ్చిన వ్యాపారీ ఒకే తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్లు నొక్కి ధర తేల్చుకునేవారు. రైతుకు కనబడేది తువ్వాలు కదలడమే. బహిరంగంగా వేలంపాట పాడి అమ్మాలన్న నిబంధన మార్కెట్ కమిటీ గోడమీద రాసే ఉండేది. ఎవరూ దాన్ని చెరపలేదు, చదవనూ లేదు. వ్యాపారులేమో పొద్దున్నే టీ బంకు దగ్గర కూడి, ఒకరిమీద ఒకరు పెంచకూడదని ఒప్పందం చేసుకుని మరీ వచ్చేవారు. మా మామ వేళ్ల వేగం చెబితే నమ్మరు, రెండు చేతులతో ఇద్దరితో బేరమాడుతూ మూడో చేత్తో మీసం దువ్వుకునేవాడు.

ఒక ఎండాకాలం మా పిన్ని, అంటే ఆయనకు సొంత చెల్లెలు, బోరులోని చివరి నీళ్లతో కాపాడుకున్న పంట తెచ్చింది. ఆ ఏటికి ఆమెకున్నది ఆ గంపలే. మామ తువ్వాలు పరిచాడో లేదో, ఆమె గంపలకు అడ్డంగా నిలబడింది.

"ఏందినా, చేతులు దాచుకుంటాండావు? బేరం చేస్తాండావా, దొంగతనమా? నా పండ్ల రేటు నా చెవిన పడల్ల."

"ఎండెక్కుతాండాది మే. పండు మెత్తబడితే యాడ పోసుకుంటావు?"

"నీ వాకిట్లోనే పోస్తా. వదిన ఊరగాయ పెట్టుకుంటాది."

యార్డంతా నవ్వింది, పెద్ద వ్యాపారి తప్ప. "ఏమప్పా, మండీ నీదా, మీ చెల్లెలిదా? తువ్వాలు తీస్తే రేపట్నుంచి నీ గడప తొక్కేవాడుండడు," అన్నాడు. అది ఉత్త బెదిరింపు కాదని మామకు తెలుసు. పరాయి రైతులకు చెప్పే మాటలు ఆయన దగ్గర బోలెడున్నాయి గానీ, ఎదురుగా నిలబడింది తోడబుట్టినది. తువ్వాలు లాగి తలకు చుట్టుకుని నావైపు తిరిగాడు.

"అరవరా. బస్టాండు దాంకా ఇనపడల్ల."

పిన్ని పండ్లకు పాట అరిచాను. ఆదోని బస్సు డ్రైవరు ఎవరో ఆపమన్నారనుకుని బ్రేకు వేశాడు. ఇది మాత్రం నిజం. వ్యాపారులంతా గుంపుగా టీ బంకుకు వెళ్లి కూర్చున్నారు. కొనేవాడు లేని యార్డులో నేను పాట పాడుతూనే ఉన్నాను, మామ నా పక్కనే నిలబడ్డాడు, పిన్ని ఎండలోంచి కదల్లేదు. అది చూసి పక్క మండీల రైతులు కూడా తువ్వాలు తీయనిదే గంప తూకానికి ఎక్కించేది లేదన్నారు. మధ్యాహ్నం దాటింది. నగరానికి బయలుదేరాల్సిన లారీలు ఖాళీగా నిలిచిపోయాయి. చివరికి కుర్ర వ్యాపారి ఒకడు, టీ గ్లాసు చేతిలోనే ఉండగా, బంకు దగ్గర్నుంచే ధర కేక వేశాడు. అతనొక్కడికే పోనిస్తారా? ఇంకొకడు పెంచాడు. పొద్దుటి ఒప్పందం అక్కడే బంకు దగ్గర తెగిపోయింది.

పిన్ని గంపల్లో అడుగు పండ్లు అప్పటికే నీరయ్యాయి. మిగిలినవాటి ధర మాత్రం తన చెవులతో విన్నది. ఆ తర్వాత పెద్ద వ్యాపారి మా గడప తొక్కలేదు, తువ్వాలు తెస్తే వస్తానని కబురు పంపినా మామ ఒప్పుకోలేదు. కొన్నాళ్లకు ప్రతి పాట దగ్గరా, రైతు అడిగితే జవాబు చెప్పే మనిషిని కమిటీ నిలబెట్టింది.

మామ పోయాడు, మండీ చేతులు మారింది. నిరుడు పిన్నిని ఆ యార్డుకు తీసుకెళ్లాను. అక్కడి కుర్రాళ్లు, పాట ఎప్పుడూ ఇట్లాగే జరిగేదనుకుంటున్నారు. "అవ్వా, రవ్వంత పక్కకు జరుగు, పాట మొదలవుతాండాది," అన్నాడొకడు. ఈవిడెవరో తెలుసా అని, ఓ పది అబద్ధాలు కలిపి మొదలుపెట్టబోయాను. పిన్ని నన్ను చూపుతోనే ఆపి, పక్కకు జరిగింది. ఒకరు చెబితే ఆమె జరగడం నేను చూసింది అదే మొదలు.