జర్మన్ గిన్నెల కొట్టులో దుబాసీ

సంగారెడ్డి బజారులో మాకు గిన్నెల కొట్టుండేది. మా వైపు అల్యూమినియం గిన్నెను జర్మన్ గిన్నె అంటారు. చీనీ అంటే చక్కెర. ఆ రెండు దేశాల గురించి మా ఇంట్లో ఉన్న జ్ఞానం అంతవరకే. అయినా ఆ ఇంటి ఆడపిల్లనైన నేను ఏ భాష నేర్చుకోవాలో తేల్చడానికి అందరూ పెద్దమనుషుల్లా కూర్చున్నారు.

నా బీఏ అప్పుడే అయిపోయింది. హైదరాబాదులో సాయంత్రం క్లాసుల్లో చైనీసు, జర్మన్ రెండూ చెబుతున్నారని తెలిసింది. నా మనసు చైనీసు మీదుంది. కొట్టులో ఎంతకీ అమ్ముడుపోని పింగాణీ గిన్నె ఒకటుండేది. దాని అడుగున ఎర్రటి అక్షరాలు. అవేమిటో చదవాలని నాకు చిన్నప్పటి నుంచీ కోరిక.

"చీనోళ్ల బాసనా? మొన్ననే గదా మన మీదికి ఎగబడ్డరు. సీఐడీలు ఇంటిచుట్టు తిరుగుతరు," అన్నాడు మా చిన్నాయన. యుద్ధం జరిగి ఏళ్లయినా ఆయనకది మొన్ననే.

చిన్నాయన పటాన్‌చెరు దగ్గర కొత్తగా లేచిన ఫ్యాక్టరీలో స్టోరు గుమాస్తా. జర్మన్ మిషన్లు వచ్చిన చెక్కపెట్టెల మేకులు పీకించడం ఆయన పని. ఆ మేకులు ఊడినప్పటి నుంచీ జర్మనీ గురించి ఆయనంత తెలిసినవాడు జిల్లాలో లేడు. జర్మన్లు గడియారం చూసుకుని గానీ నవ్వరని చెప్పేవాడు. మా నాన్న నోరు తెరుచుకుని వినేవాడు.

"జర్మన్ నేర్వు బిడ్డా. మా ఫ్యాక్టరీల దుబాసీ నౌకరి నీకే ఇప్పిస్త. మేనేజర్ నా మాట కాదనడు," అన్నాడు. ఇంగ్లీషు రాని జర్మన్ ఇంజినీరు ఒకడు వస్తాడట, ఆయన మాటలు మనవాళ్లకు విడమర్చి చెప్పాలట. ఉద్యోగం లేకపోతే నాకు పెళ్లి చేసేస్తారు. పింగాణీ గిన్నెను అటకెక్కించి జర్మన్‌లో చేరాను.

రెండేళ్లు బస్సుల్లో పడి వెళ్లి నేర్చుకున్నాను. ఆ భాషలో చెంచా మగ, ఫోర్కు ఆడ, ఆడపిల్ల మాత్రం రెండూ కాదు. చిన్నాయనకు చెబితే పగలబడి నవ్వాడు. మనమూ ఆడపిల్లనీ గిన్నెనీ ఒకే 'అది'తో సరిపెడతామన్న సంగతి ఆయనకు తట్టనే లేదు. బుర్రను అంత దూరం నడిపించే అలవాటు ఆయనకు లేదు.

చదువు ముగిశాక నౌకరి సంగతి అడిగితే, "పోస్టు మంజూరు గాలె, జెర ఆగు," అనేవాడు. ఆగాను. ఇంట్లో సంబంధాలు చూడసాగారు.

ఒక ఆదివారం ఆయనే ఒక తెల్లాయనను కొట్టుకు వెంటబెట్టుకొచ్చాడు. ఫ్యాక్టరీకి వచ్చిన ఇంజినీరు, నీళ్లు కాచుకోవడానికి గిన్నె కావాలట. నేను లోపలి నుంచి రాననుకున్నాడు కాబోలు. వచ్చాను. జర్మన్‌లో పలకరించాను. తెల్లాయన చేతిలోని గిన్నె కింద పెట్టేసి గబగబా మాట్లాడాడు. దుబాసీ కావాలని వచ్చిన రోజు నుంచీ తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో అడుగుతున్నాడట. ఈ చుట్టుపక్కల వాకబు చేస్తే ఆ భాష వచ్చినవాళ్లు ఒక్కరూ దొరకలేదని మేనేజరుకు చెప్పింది ఈ గుమాస్తాయేనట.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎవ్వలు లేరని చెప్పినవా చిన్నాయనా?" అని అడిగాను.

సిగ్గు మాట అటుంచి, ఆయన మొహంలో తడబాటు కూడా లేదు. "మరి గంతమంది మొగోళ్ల నడుమకు నిన్నెట్ల తోల్త బిడ్డా? మన ఇజ్జత్ ఏమైతది?"

"గట్లయితె జర్మన్ ఎందుకు నేర్వమన్నవ్?"

"నువ్వు చీనాది నేర్వకుండ," అన్నాడు, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

మా నాన్న గిన్నెలు తుడుస్తూనే ఉన్నాడు.

చిన్నాయన ఏమంటున్నాడని తెల్లాయన నన్నడిగాడు. ఒక్క ముక్క వదలకుండా జర్మన్‌లో చెప్పాను. దుబాసీగా నేను చేసిన పని అదొక్కటే.